మేనత్త పేరు, మేనకోడలి వైద్యం: డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ



గవర్నర్‌పేటలో పిల్లల డాక్టరు కోసం మీరు ఊరంతా తిరగనక్కర్లేదు. ఏ వీధిలోకి మళ్లినా ఒక బోర్డు కనిపిస్తుంది. టీకాల తేదీలు ఫోనే గుర్తు చేస్తుంది. పొద్దుపోయాక కూడా ఏదో ఒక మందుల షాపు తెరిచే ఉంటుంది. ఈ ఊరిని బెజవాడ అని పిలిచిన రోజుల్లో సంగతి వేరు. పుట్టిన బిడ్డలందరూ దక్కుతారని ఏ ఇంట్లోనూ ధీమాగా ఉండేవారు కాదు. మీ ఇంట్లో ఎనభై దాటిన నాయనమ్మో అమ్మమ్మో ఉంటే, వాళ్లమ్మకు ఎంతమంది పిల్లలని అడిగి చూడండి. పుట్టినవారెందరో, మిగిలినవారెందరో విడివిడిగా చెబుతారు. ఆ రెండు అంకెలకూ మధ్య ఉన్న తేడాలోనే ఆనాటి శిశు వైద్య చరిత్ర అంతా ఉంది.

ఆ తేడాను తగ్గించడానికి పాటుపడ్డవారిలో మన ఊరి డాక్టరమ్మ ఒకరున్నారు. విజయవాడలో వైద్యం చేశారు. విజయవాడ నుంచే లోక్‌సభకు ఎన్నికయ్యారు. తల్లుల కోసం తెలుగులో ‘ప్రసూతి - శిశు పోషణ’ అనే పుస్తకం రాశారు. ఆమే డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ. ఈ నెల ఆమె జీవితాన్ని మీ ముందుంచుతున్నాం. ఆమె చేసిన పని ఆసుపత్రికి ఎంత సంబంధించిందో, మీ వంటింటికీ మీ పడకగదికీ అంతే సంబంధించింది కాబట్టి చివరిదాకా చదవండి.

ఇద్దరు అచ్చమాంబలు

ముందుగా ఒక చిన్న తికమక తీర్చుకుందాం. తెలుగు చరిత్రలో ఇద్దరు అచ్చమాంబలున్నారు. ఒకరు కథలు రాసిన భండారు అచ్చమాంబ. ఇంకొకరు వైద్యం చేసిన కొమర్రాజు అచ్చమాంబ. వారు మేనత్తా మేనకోడళ్లు. మొదటివారి కథ తెలిస్తే తప్ప రెండోవారి పని విలువ పూర్తిగా అర్థం కాదు.

భండారు అచ్చమాంబ 1874లో నందిగామ దగ్గరి పెనుగంచిప్రోలులో పుట్టారు. మీలో చాలామంది తిరుపతమ్మ తల్లి దర్శనానికి వెళ్లి వచ్చే ఊరే అది. ఆరేళ్ల వయసులో తండ్రి పోయారు, పదేళ్లకే పెళ్లయింది. భర్త మాధవరావుగారి ఉద్యోగం మధ్య పరగణాలలో కావడంతో కాపురం నాగపూరు వైపు సాగింది. ఆమె బడికి వెళ్లి చదువుకోలేదు. తన ఇంట ఉండి చదువుకుంటున్న తమ్ముడు లక్ష్మణరావు పక్కన కూర్చుని తెలుగూ హిందీ నేర్చుకున్నారు. తర్వాత మరికొన్ని భాషలు కూడా సొంతంగా పట్టుబట్టి నేర్చారు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో గొప్ప స్త్రీల చరిత్రలు రాశారు. తెలుగులో తొలి కథలు రాసిన రచయిత్రిగా ఇప్పుడు సాహిత్య చరిత్రకారులు ఆమెను గుర్తిస్తున్నారు. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి రత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించారు.

ఆమెకు ఒక కొడుకు, ఒక కూతురు పుట్టారు. ఇద్దరూ చిన్నతనంలోనే పోయారు. చదువూ తెలివీ ఉన్నా, చేతిలో నాలుగు డబ్బులున్నా, ఆ కాలంలో బిడ్డను కాపాడుకోవడానికి అవి చాలలేదు. తన పిల్లలు పోయిన తర్వాత ఆమె దిక్కులేని పిల్లలను ఇంట్లో పెట్టుకుని చదువు చెప్పించారు. ఆ రోజుల్లో మధ్య పరగణాలలో ప్లేగు వ్యాపించింది. జనం ఇళ్లు వదిలి పారిపోతుంటే ఆమె రోగులకు సేవ చేస్తూ ఉండిపోయారు. ఆ జబ్బే తనకూ సోకి 1905 జనవరిలో బిలాస్‌పూర్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు. నర్సు అనే ఉద్యోగం గురించి తెలుగు ఇళ్లలో ఎవరికీ తెలియని రోజుల్లో ఆమె చేసింది నర్సు పనే.

అక్క పోయిన మరుసటి ఏడు, 1906లో, గుంటూరులో తమ్ముడు లక్ష్మణరావుకు కూతురు పుట్టింది. ఆ పాపకు అచ్చమాంబ అని పేరు పెట్టారు.

తండ్రి వేసిన బాట

ఆ తండ్రి సామాన్యుడు కాదు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఏర్పడడానికి కారకులైనవారిలో ఒకరు. కూతురు పుట్టిన 1906లోనే విజ్ఞాన చంద్రికా గ్రంథ మండలిని ప్రారంభించారు. చరిత్ర, జీవశాస్త్రం, పదార్థ విజ్ఞానం వంటి విషయాల మీద తెలుగులో పుస్తకాలు రాయించి, సామాన్యుడు కొనగలిగే వెలకు అందించడం ఆ మండలి పని. ఆ తర్వాత తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని పూనుకున్నారు. తొలి సంపుటాలు వచ్చాయి గాని, పని ముగియకుండానే 1923లో మద్రాసులో ఆయన పోయారు.

ఆయన జీవితమంతా నమ్మింది ఒక్కటే. ఇంగ్లీషులో ఉన్న శాస్త్రం తెలుగులోకి రాకపోతే అది ఇంట్లో ఉన్నవారికి చేరదు. ఇంగ్లీషు చదువుకున్న నలుగురి దగ్గర ఆగిపోయిన విషయం ఊరికి ఉపయోగపడదు. ఈ నమ్మకం కూతురికి ఆస్తిగా దక్కింది. ఎలా దక్కిందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మద్రాసు చదువు

అచ్చమాంబ కాకినాడ పి.ఆర్. కళాశాలలో చదివి, తండ్రి పోయిన మరుసటి ఏడు, 1924లో, మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. అదే కళాశాల నుంచి 1912లో ముత్తులక్ష్మి రెడ్డి పట్టా తీసుకుని ఆడపిల్లలకు దారి చూపి ఉన్నారు. అయినా తండ్రి లేని అమ్మాయి పట్నంలో ఉండి అయిదారేళ్లు వైద్యం చదవడమంటే, ఆ కాలంలో బంధువుల ఇళ్లలో ఎన్ని మాటలు నడిచి ఉంటాయో మీరు ఊహించుకోవచ్చు.

1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు దేశమంతా దాన్ని బహిష్కరించింది. మద్రాసులో వైద్య విద్యార్థినిగా ఉన్న అచ్చమాంబ కూడా ఆ ఉద్యమంలో పాల్గొన్నారు. చదువు పక్కన పెట్టలేదు, దేశం సంగతీ పక్కన పెట్టలేదు. పట్టా పుచ్చుకుని, పై చదువుకు విదేశం వెళ్లి వచ్చి, చివరికి విజయవాడలో స్థిరపడి స్త్రీల వైద్యురాలిగా ప్రాక్టీసు పెట్టారు.

ఆనాటి లెక్కలు

ఆమె వైద్యం మొదలుపెట్టిన కాలంలో పరిస్థితి ఎలా ఉండేదో అంకెల్లో చూడండి. స్వాతంత్ర్యానికి ఒక ఏడాది ముందు, 1946లో, భోర్ కమిటీ దేశ ఆరోగ్యం మీద నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం 1937లో బ్రిటిష్ ఇండియాలో పుట్టిన ప్రతి 1,000 మంది శిశువుల్లో 162 మంది తొలి పుట్టినరోజు చూడకుండానే పోయారు. అంటే ఆరుగురిలో ఒకరు. అదే ఏడాది ఇంగ్లండు, వేల్స్‌లో ఆ సంఖ్య 58. మన దేశంలో మొత్తం మరణాల్లో దాదాపు సగం పదేళ్ల లోపు పిల్లలవే.

అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది. దేశంలో 6,300 మందికి ఒక డాక్టరు ఉంటే, 43,000 మందికి ఒక్క నర్సు ఉన్నారు. చదువుకున్న మంత్రసాని 60,000 మందికి ఒకరు. డాక్టర్ల కొరత కన్నా నర్సుల కొరత ఎన్నో రెట్లు ఎక్కువ. మరి ఆ పిల్లలకు సేవ చేసింది ఎవరు? తల్లి, అమ్మమ్మ, ఊరి మంత్రసాని. వారికి ప్రేమకు కొదవ లేదు. తెలియజెప్పే మనిషే లేరు.

గుంటూరులో కొంత మేలు. అమెరికన్ లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కూగ్లర్ 1883లోనే అక్కడికి వచ్చి, 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. ఇలాంటివి ఒకటీ అరా ఉన్న చోట్ల తప్ప, డెల్టా పల్లెల్లో పురుళ్లన్నీ ఇళ్లలోనే.

అసలు జబ్బులెలా వచ్చేవి?

కృష్ణ మీద 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది. కాలవలు తవ్వారు. వరి పండింది, ఊళ్లు పచ్చబడ్డాయి. అయితే పొలానికి పారే కాలవ నీళ్లే బిందెల్లోకీ వచ్చేవి. వేసవిలో కాలవలు కట్టేస్తే చెరువులో అడుగు నీళ్లే దిక్కు. విరేచనాలు, కలరా, విషజ్వరం ఆ నీటి దారినే వచ్చేవి. పెద్దవాళ్లు తట్టుకునే విరేచనాలకు పసిబిడ్డ తట్టుకోలేదు. బిడ్డ శరీరంలో నీటి నిల్వ తక్కువ, ఖర్చు ఎక్కువ. పెద్దవాళ్లకు రెండు రోజులు పట్టే నీరసం పసివాడికి కొన్ని గంటల్లోనే వస్తుంది.

పుట్టిన వారంలో పోయే పిల్లల్లో చాలామందిని ధనుర్వాతం తీసుకుపోయేది. బొడ్డు కోసిన కొడవలో కత్తో శుభ్రంగా లేకపోయినా, కోసిన చోట బూడిదో పేడో అద్దినా ఆ క్రిమి లోపలికి వెళుతుంది. నాలుగైదు రోజులకు బిడ్డ పాలు తాగడం మానేస్తాడు, దవడ బిగుసుకుంటుంది, ఒళ్లు విల్లులా వంగుతుంది. గాలి సోకిందనో దిష్టి అనో అనుకుని వాతలు పెట్టేవారు. కారణం తెలిసి ఉంటే కావలసింది రెండే: మరిగించిన కత్తెర, ఏమీ పూయని బొడ్డు.

మన పెద్దల అలవాట్లన్నీ చెడ్డవని దీని అర్థం కాదు. పురిటికి పుట్టింటికి పంపడం, బాలింతను విడి గదిలో ఉంచి పదిమందినీ రానివ్వకపోవడం, బిడ్డను తల్లి పక్కలోనే వెచ్చగా పడుకోబెట్టడం మంచి అలవాట్లే. ముర్రుపాలు పిండి పారబోయడం, విరేచనాలవుతుంటే నీళ్లు ఆపేయడం, గర్భిణికి తిండి తగ్గించడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చేవి. ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో చెప్పడానికి శాస్త్రం చదివినవాళ్లు కావాలి. కోడలితో పాటు అత్తగారికీ నచ్చేలా, వాళ్ల భాషలో చెప్పగలిగినవాళ్లు కావాలి.

మందుల కన్నా ముందు నర్సింగ్

ఇంకో సంగతి గమనించండి. అచ్చమాంబ చదువుకునే రోజుల్లో పెన్సిలిన్ మందుగా రాలేదు. ఫ్లెమింగ్ దాన్ని 1928లో గుర్తించినా, మామూలు జనానికి అందింది రెండో ప్రపంచ యుద్ధం ముగిశాకే. కాబట్టి న్యుమోనియా వచ్చిన బిడ్డను బతికించేది ఎక్కువగా సేవే. వెచ్చగా ఉంచడం, కొంచెం కొంచెంగా పాలు పట్టడం, ఊపిరి గమనించడం, పడుకునే తీరు మార్చడం, చుట్టూ శుభ్రంగా ఉంచడం. పిల్లల నర్సింగ్ అనే శాస్త్రానికి పునాది ఇదే.

ఈ పునాది పడింది లండన్‌లో. 1852లో డాక్టర్ చార్లెస్ వెస్ట్ పది పడకలతో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్‌లో పిల్లల ఆసుపత్రి తెరిచారు. అప్పట్లో లండన్‌లో ఏటా సంభవించే 50,000 మరణాల్లో 21,000 పదేళ్ల లోపు పిల్లలవే. భోర్ కమిటీ మన దేశంలో చూసిన పరిస్థితికి ఇది దగ్గరగానే ఉంది చూడండి. తొంభై ఏళ్ల కింద లండన్ ఎక్కడుందో, మనం అక్కడున్నాం. రెండేళ్ల తర్వాత, 1854లో, వెస్ట్ జబ్బుపడ్డ పిల్లలకు సేవ చేయడం ఎలా అనే చిన్న పుస్తకం రాశారు. అది నర్సుల కోసం, పిల్లలను చూసుకునే వారందరి కోసం రాసింది. డాక్టరు రోజులో కాసేపే బిడ్డను చూస్తాడు, మిగతా సమయమంతా బిడ్డ పక్కన ఉండే మనిషి కళ్లే డాక్టరుకు ఆధారం. నొప్పి ఎక్కడో చెప్పలేని బిడ్డ తరఫున ఆ మనిషే చెప్పాలి. ఈ గ్రహింపు నుంచే పిల్లల నర్సింగ్ ఒక ప్రత్యేక విద్యగా ఎదిగింది.

లండన్‌లో నర్సులున్నారు కాబట్టి నర్సులకు పుస్తకం వచ్చింది. నలభై మూడు వేల మందికి ఒక నర్సు ఉన్న దేశంలో ఎవరికి నేర్పాలి? అచ్చమాంబ తల్లులకూ సాధారణ స్త్రీలకూ నేర్పడానికి పూనుకున్నారు.

బెజవాడ డాక్టరమ్మ

1940లలో ఆమె కమ్యూనిస్టు ఉద్యమానికి దగ్గరయ్యారు, మహిళా సంఘంతో కలిసి పనిచేశారు. ఆ పార్టీతో ఆమె అనుబంధం ఎక్కువ కాలం సాగలేదు. అయితే ఆ రోజుల్లో చేసిన ఒక పని మాత్రం మన విషయానికి చాలా ముఖ్యం. పెద్ద చదువులు లేని స్త్రీలకు ప్రథమ చికిత్స, పురుడు పోయడం, బాలింత సంరక్షణ నేర్పారు. ఒక డాక్టరు తన చేతులతో ఎన్ని పురుళ్లు పోయగలరు? పదిమందికి నేర్పితే ఆ పదిమంది పది ఊళ్లలో పోస్తారు. మంత్రసాని చేతులు కడుక్కుంటే చాలు, ఎందరో బాలింతలకు పురిటి జ్వరం తప్పుతుంది. ఆమె పెంచింది అలాంటి చేతులను.

అలాంటి పని నుంచి వచ్చిందే ‘ప్రసూతి - శిశు పోషణ’. పేరులోనే ఒక పాఠం ఉంది. తల్లి సంగతీ బిడ్డ సంగతీ ఒకే అట్ట కింద పెట్టారు. ఇప్పుడు మాతా శిశు ఆరోగ్యం అనే మాట మనకు అలవాటైపోయింది. అందులోని తర్కం ఇది: రక్తహీనత ఉన్న తల్లికి బరువు తక్కువ బిడ్డ పుట్టే అవకాశం ఎక్కువ. బరువు తక్కువ బిడ్డ ఒంట్లో వేడి నిలవదు, పాలు చీకే శక్తి ఉండదు, జబ్బులు త్వరగా పట్టుకుంటాయి. అంటే బిడ్డ వైద్యం తల్లి కడుపులో ఉన్నప్పుడే, తల్లి కంచంలోనే మొదలవుతుంది. తొలిచూలు కూతురికి ఏం పెట్టాలో అమ్మకు తెలిస్తే, పిల్లల డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

తండ్రి చరిత్రనూ శాస్త్రాన్నీ తెలుగు చేయించారు. కూతురు పురిటి గదికి తెలుగులో శాస్త్రం తెచ్చారు. మేనత్తకు తెలుగు చక్కగా చదవడం వచ్చు. పసిబిడ్డలను కాపాడుకునే విద్య చెప్పే ఇలాంటి పుస్తకం మాత్రం ఆమె చేతికి అందే కాలం కాదది. ఆ లోటును మేనకోడలు తీర్చారు.

పార్లమెంటుకు

1957 సాధారణ ఎన్నికల్లో ఆమె కాంగ్రెస్ అభ్యర్థిగా విజయవాడ నుంచి రెండో లోక్‌సభకు ఎన్నికయ్యారు. కృష్ణ మీద పాత ఆనకట్ట స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజి పూర్తయిందీ ఆ ఏడాదే. స్త్రీలు చట్టసభల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉన్న కాలంలో, పురుళ్లు పోసిన చేతులతో ఒక డాక్టరమ్మ ఢిల్లీ సభలో కూర్చున్నారు. ఆమె సభ్యురాలిగా ఉన్న ఆ లోక్‌సభ కాలంలోనే, 1961లో, ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. ఉద్యోగం చేసే తల్లికి జీతంతో కూడిన సెలవు హక్కు అయింది. అప్పట్లో అది 12 వారాలు, 2017 సవరణతో 26 వారాలయింది. మీలో ఎవరైనా ప్రసూతి సెలవు తీసుకుని బిడ్డకు పాలిచ్చి ఉంటే, ఆ చట్టం మీ బిడ్డ ఆరోగ్యానికి పెట్టిన పెట్టుబడి అని గుర్తించండి.

1964లో, యాభై ఎనిమిదేళ్ల వయసులో, డాక్టర్ అచ్చమాంబ కన్నుమూశారు.

తర్వాత ఏం జరిగింది?

ఆమె పోయిన ఏడేళ్లకు, 1971లో, బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థి శిబిరంలో ఒక సంఘటన జరిగింది. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో కలరా విజృంభించింది. సెలైన్ బాటిళ్లు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లను తయారు చేయించి, రోగుల బంధువుల చేతికే ఇచ్చి తాగించమన్నారు. వందకు ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఆ నీళ్లు పట్టింది డిగ్రీలున్న నర్సులు కాదు. తల్లులు, అక్కలు, అన్నలు. సరిగ్గా చెబితే ఇంటివాళ్లే మంచి నర్సులు అవుతారని ప్రపంచమంతా ఒప్పుకున్న సందర్భం అది. అచ్చమాంబ విజయవాడలో నమ్మి చేసిన పనికి ఇంతకన్నా పెద్ద రుజువు అక్కర్లేదు.

ధనుర్వాతం సంగతి కూడా చూడండి. గర్భిణులకు టీకా, శుభ్రమైన పురుడు, ఈ రెండింటి వల్ల తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని దేశం నుంచి తొలగించగలిగామని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. 1937లో 162గా ఉన్న శిశు మరణాల సంఖ్య 2020 నాటికి దేశంలో 28కి దిగింది. దిగిన ప్రతి అంకె వెనుకా టీకా ఉంది, మందు ఉంది. వాటితో పాటు ఎవరో ఒకరు ఓపికగా తల్లికి చెప్పిన మాట కూడా ఉంది.

ఇప్పుడు మీ ఇంటి సంగతి

ఇక్కడే మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి. మీ ఇంట్లో జబ్బుపడ్డ పిల్లవాడి పక్కన రోజంతా ఉండేది ఎవరు? మీరిద్దరూ ఉద్యోగాలకు వెళితే, అమ్మమ్మో నాయనమ్మో పనిచేసే అమ్మాయో ఉంటారు. డాక్టరు రాసిన చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. సిరప్ సీసా మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకు అనేది మీరు ఆఫీసుకు పరుగెడుతూ గుమ్మంలో చెబుతారు. రెండు రకాల సిరప్‌లుంటే ఏది ఎంతో తారుమారయ్యే ప్రమాదం అక్కడే ఉంది. పిల్లల మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది, అక్కకు రాసింది తమ్ముడికి సరిపోదు. లక్షలు పెట్టి వైద్యం కొనగలిగిన ఇంట్లో కూడా, ఆఖరి పది అడుగులు సమాచారం తెలుగులో నడవకపోతే ఆ వైద్యం బిడ్డదాకా రాదు. లక్ష్మణరావు, అచ్చమాంబ పట్టుకున్న సమస్య ఇదే. ఇది ఇంకా మన ఇళ్లలో ఉంది.

కాబట్టి మీ ఇంట్లో బిడ్డను చూసుకునేవారికి ఈ విషయాలు నిదానంగా, కూర్చోబెట్టి చెప్పండి.

బాలింత ఉన్న ఇల్లయితే, పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టించాలి. ముర్రుపాలు పారబోయకూడదు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప తేనె, ఆముదం, ఆఖరికి మంచినీళ్లు కూడా అక్కర్లేదు. బొడ్డు మీద ఏమీ పూయకూడదు.

విరేచనాలయితే నీళ్లు ఆపకూడదు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ అంచనాగా గ్లాసులో కలపకూడదు, ఉప్పు పాళ్లు మారిపోతాయి. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతయితే పది నిమిషాలాగి మళ్లీ పట్టాలి. కలిపిన నీళ్లు ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి. అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్‌కు బదులు కావు.

దగ్గు, జ్వరం ఉంటే ఊపిరి లెక్కపెట్టడం నేర్పండి. బిడ్డ నిద్రపోతున్నప్పుడో నెమ్మదిగా ఉన్నప్పుడో పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో పూర్తిగా ఒక నిమిషం చూడాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40. ఈ సంఖ్యకు చేరినా, దాటినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, బిడ్డ పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా లెక్కపెడుతూ కూర్చోకూడదు, వెంటనే బయల్దేరాలి. గడియారం చూడడం వచ్చినవారెవరైనా ఈ పని చేయగలరు. డాక్టరుకు ఫోను చేసినప్పుడు ఒళ్లు కాలిపోతోందని చెప్పడం కన్నా, నిమిషానికి ఇన్ని ఊపిర్లు, ఇంత జ్వరం, ఇన్ని గంటలుగా మూత్రం లేదు అని చెబితే డాక్టరుకు చాలా తెలుస్తుంది.

ఇవి డాక్టరుకు బదులుగా చెబుతున్నవి కావు. డాక్టరు దగ్గరికి సరైన సమయంలో, సరైన సమాచారంతో చేరడానికి.

ఈ నెల ఒక పని చేయండి. ఒక తెల్లకాగితం తీసుకుని మీ పిల్లల పేరు, ఇప్పటి బరువు, పడని మందులేమైనా ఉంటే వాటి పేర్లు, మీ డాక్టరు ఫోను నంబరు, 108, ఇంట్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఎక్కడ పెట్టారో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. ఈసారి చీటీ వచ్చినప్పుడు ఏ సీసా ఎంత, ఎప్పుడు అనేది ఆ కాగితం కిందే తెలుగులో రాయండి. మూడో తరగతి దాటిన పిల్లలుంటే వాళ్ల చేతనే రాయించండి, తెలుగు అక్షరాలు కూడా కుదురుతాయి. రాశాక అమ్మమ్మ చేత ఒకసారి చదివించి వినండి. ఆమెకు ఎక్కడైనా అర్థం కాకపోతే ఆ వాక్యాన్ని మార్చి రాయండి.